నెత్తురు వడకట్టించుకున్న చలికాలం

నాకు కిడ్నీలు బాగానే ఉన్నాయి. ఈ మాట ముందే రాసేస్తే ఒక పని అయిపోతుంది. గంజాం బజారులో సగం మంది ఇప్పటికీ నన్ను చూడగానే గొంతు తగ్గించి, వారానికి ఎన్నిసార్లు వెళ్తున్నావమ్మా మిషనుకి అని అడుగుతారు. మార్కండి నుంచి చేపలు తెచ్చే మనిషయితే మా గుమ్మం దగ్గర గంప దించడమే మానేసింది. కిడ్నీ పోయినవాళ్లకు చేప పడదని ఎవరో చెప్పారట. నాకు పాడయింది కాలు. కాలి వేళ్లలో ఉండే సన్న నరాల్లోకి నెత్తురు ఎక్కలేదు. అందుకని నా నెత్తురు బయటికి తీసి, మిషనులో వడకట్టి, మళ్లీ నాకే ఎక్కించారు. ఆ మిషను కిడ్నీ వాళ్ల గదిలో పెట్టి ఉంది. అంతే. దానికి నేనేం చేయను?

నేను చదివింది నాలుగో తరగతి, అదీ చికిటి దగ్గర మా పుట్టినూళ్లో. రాత కోడి గీసినట్టుంటుంది. కానీ ఎవరి పెళ్లిలో ఏ కూర వడ్డించారో అడగండి, చెప్తాను. ఈ కాలి కథ వచ్చిన ప్రతివాళ్లకూ మొదటి నుంచి చెప్పీ చెప్పీ నాకు విసుగు పుట్టింది. రాసి పెడితే ఒకసారితో పోతుందని కూర్చున్నాను.

కిందటి కార్తీక పున్నమి నాడు మొదలైంది. ఆ రోజు తెల్లవారకుండానే అందరం ఋషికుల్య ఒడ్డుకు వెళ్లి అరటి దొప్పల పడవల్లో దీపాలు వదులుతాం. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి వచ్చి, ఒడ్డున చీర పిండుకుంటుంటే ఎడమ కాలు వెచ్చబడింది, కుడి కాలు వెచ్చబడలేదు. ఇంటికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నా అంతే. వేళ్లు నావి కానట్టు, ఎవరివో తెచ్చి అతికించినట్టు ఉన్నాయి. సుగర్ నాకు చాలా ఏళ్ల నుంచి ఉంది కాబట్టి, తిమ్మిరి దాని చుట్టమే అనుకున్నాను. మా ఆయన కూడా అదే అన్నారు. ఆయన ఫ్యాక్టరీలో పని చేసి దిగిపోయాక సైకిలు సామాన్ల కొట్టు పెట్టుకున్నారు. ఏ రోగానికైనా నూనె రాస్తే సరిపోతుందని ఆయన నమ్మకం.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఒడియా వాళ్లకు మార్గశిరం మన కంటే ఒక పక్షం ముందే వచ్చేస్తుంది. ఆ నెలంతా గురువారాలు వాళ్లు లక్ష్మిని పెట్టుకుంటారు. ముంగిట్లో బియ్యప్పిండితో పాదాలు వేసి, కాళ్లకు ఎర్రగా అళత, అంటే మన పారాణి, పెట్టుకుంటారు. వాళ్ల నెల సగమయ్యేసరికి మన మార్గశిర లక్ష్మివారాలు మొదలవుతాయి. మేం ఒడిశాలో ఉండే తెలుగువాళ్లం, అటూ ఇటూ కాని మనుషులం, రెండూ చేస్తాం. మా తోటికోడలు పార్వతక్క ఒక్క వారం కూడా వదలనివ్వదు. తను పెట్టుకుని, నన్ను కూర్చోబెట్టి నాకూ పెడుతుంది. పాతది వెలిసే లోపు దాని మీద కొత్తది. ఆ చలికాలమంతా నా కాళ్లు మడమల నుంచి వేళ్ల కొసల దాకా మందారాల్లా ఉన్నాయి. చూసినవాళ్లు ఎంత కళగా ఉన్నాయో అన్నారు కూడా.

ఆ ఎరుపు కింద ఏం జరుగుతోందో ఎవరికీ తెలియలేదు. మొదట మంట, నిప్పు మీద పెట్టినట్టు. తర్వాత మంట కూడా పోయింది. పోతే తగ్గిందనుకున్నాం. అయినా నడక తేడాగా ఉందని దగ్గర ఊళ్లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన బల్ల వెనక నుంచి లేవలేదు. చీర అంచు ఎత్తమన్నాడు, ఎత్తాను. ఎర్రటి కాలు చూశాడు. వాపు లేదు, బాగానే ఉంది అని నొప్పి మాత్రలు రాశాడు. ఇప్పటికీ ఆ బల్ల గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది. బల్ల చుట్టూ తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి.

పుష్యమాసంలో చిటికెన వేలి గోరు ఊడి మంచం మీద పడింది. నొప్పి లేకుండా ఊడింది. అప్పుడు భయపడ్డాం. బస్సెక్కి బరంపురం వెళ్లాం. అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సర్జన్ గారు, శ్రీకాకుళం వైపు మనిషి, తెలుగు చక్కగా మాట్లాడతారు. ఆయన కాలు తన ఒళ్లోకి తీసుకుని స్పిరిటు ముంచిన దూదితో తుడవడం మొదలుపెట్టారు. దూది ఎర్రబడింది. ఇంకోటి తీశారు, అదీ ఎర్రబడింది. పార్వతక్క పక్కనే నిలబడి ఉంది. అళత పోయిన చోట నా చర్మం బయటపడింది. చిటికెన వేలూ దాని పక్క వేలూ నేరేడు పండు రంగులో ఉన్నాయి. ఆ రంగు పాదం మీదకు కూడా నీడలా పాకింది.

"మొన్న లక్ష్మివారం నాడు నా సేత్తోనే ఎట్టినాను కదే" అంది పార్వతక్క. అని, గోడకు జారి కింద కూర్చుండిపోయింది. దానికి నీళ్లు పట్టించేసరికి నా కాలి సంగతి కాసేపు పక్కకు పోయింది.

సర్జన్ గారు రెండో కాలు కూడా తుడిచి, దాని బొటనవేలు నొక్కి చూపించారు. నొక్కితే తెల్లబడాలి, వదిలితే గబుక్కున ఎర్రబడాలి. ఎడమ కాలు అలాగే చేసింది. కుడి కాలి వేళ్లు నొక్కినా వదిలినా ఒకేలా ఉన్నాయి. అళత ఉంటే అది ఎవరికీ కనపడదు, నెత్తురు ఉన్నా లేకపోయినా అంతా ఎరుపే. మన వైపు ఆడవాళ్లకు చేతులెత్తి చెప్తున్నాను. సుగర్ ఉన్నవాళ్లు పారాణి పెట్టుకోవద్దనను, పెట్టుకోండి. పండగ మర్నాడు కడిగేసుకుని వట్టి కాళ్లు వెలుతుర్లో చూసుకోండి. డాక్టరు దగ్గరికి రంగు కాళ్లతో వెళ్లకండి.

ఫొటోలు తీశారు, పరీక్షలు చేశారు. చివరికి సర్జన్ గారు చెప్పింది ఏమిటంటే, చీలమండ దగ్గర తీసేయడం మంచిది, లేకపోతే పైకి ఎక్కుతుంది. ఆ మాట ఆయన మెల్లగానే చెప్పారు. నాకు మాత్రం ఎవరో తలుపు వేసేసినట్టయింది. కాలు లేకపోతే నేనేమిటి? గంజాంలో పొద్దున్న కూరగాయల దగ్గర నుంచి రాత్రి గుడి దాకా అన్నీ నా కాళ్ల మీదే.

ఆ ఆసుపత్రిలోనే కిడ్నీల డాక్టరు ఒకబ్బాయి ఉన్నాడు. ఒడియా అతను, చిన్నవాడు. నా కాగితాలు చూసి ఒక దారి ఉందన్నాడు. నెత్తురు జిగురుగా అయిపోయిందట. పెద్ద నరాల్లో పారుతోంది గానీ సన్నవాటిలోకి పోవడం లేదట. మాది పొలాల ఊరు, నాకు ఇట్టే అర్థమైంది. పెద్ద కాలవలో నీళ్లున్నాయి, బోదెల్లోకి ఎక్కడం లేదు. ఆ జిగురు వడకట్టి తీసేస్తే ఎక్కొచ్చు. ఎక్కుతుందని మాట ఇవ్వనన్నాడు, అలవాటైన వైద్యం కాదన్నాడు, వేళ్లు మాత్రం ఎలాగూ నిలవవన్నాడు. పాదం నిలవొచ్చు. జ్వరం రానంత వరకూ ఆగుతానని సర్జన్ గారు ఒప్పుకున్నారు.

ఇక ఇంట్లో గొడవ. పార్వతక్క ఒకటే మాట. "కోయించీసుకో. పేనముంటే సాలు. ఒంటి కాల్తో బతికినోళ్లు నేరేటి?" దాని భయం నాకు తెలుసు. తన చేతి రంగు కిందే ఇదంతా జరిగిందని అది తిండి మానేసింది. ఎంత తొందరగా తేలిపోతే అంత మంచిదనుకుంది. మా ఆయన ఏ మాటా చెప్పరు. కొట్టుకు వచ్చిన ప్రతివాణ్నీ అడుగుతారు. ట్యూబు కొనుక్కోవడానికి వచ్చిన మనిషి కూడా నా కాలి మీద తీర్పు చెప్పి వెళ్లాడు. ఒకాయన, ఇంట్లో తాగే నీళ్ల మిషను లాంటిదే కదా, దానికి ఆసుపత్రి ఎందుకన్నాడట. అది కూడా ఇంటికొచ్చి నాకు చెప్పారు.

బరంపురం ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నప్పుడు నాకు ఇక తట్టుకోవడం అవలేదు. ఆయన మళ్లీ మొదలుపెట్టారు, చికిటిలో మీ అన్నయ్యను కూడా ఒక మాట అడుగుదామని.

"ఇంకెవుల్నీ అడక్కండి" అన్నాను. "కాలు నాది. ముందు వడకట్టమనండి. అవకపోతే అప్పుడు కోసుకోమనండి."

"రేపు ఏదైనా అయితే నన్నంటావు."

"అంటాను. అయినా సంతకం పెట్టండి."

పెట్టారు. ముప్పై ఏళ్ల పైబడ్డ కాపురంలో ఆయన నా మాట అంత తొందరగా ఎప్పుడూ వినలేదు.

మాఘమాసమంతా ఎదురుచూపే. ఆ వడకట్టే ఫిల్టరు బరంపురంలో దొరకదు, ఎక్కడి నుంచో తెప్పించాలి. రమ్మన్న రోజు తెల్లవారే లేచి, కాలికి మెత్తటి గుడ్డలు చుట్టుకుని, ఆటోలో ఒకచోటికి, బస్సులో ఇంకోచోటికి, మళ్లీ ఆటోలో ఆసుపత్రికి చేరితే, కౌంటరు దగ్గర అబ్బాయి ఫిల్టరు రాలేదన్నాడు. ఫోను చేసి రావాలి కదా అన్నాడు. ఫోను చేస్తే ఎవరెత్తారని అడిగితే, నేను రాత్రి డ్యూటీ కాదన్నాడు. నేను పగలు చేశానన్నాను. అతను కంప్యూటరు వైపు తిరిగిపోయాడు. ఇంకోసారి ఫిల్టరు వచ్చింది, డాక్టరు లేడు. బంధువుల పెళ్లట. నా కాలు నల్లబడుతుంటే అక్కడ పెళ్లేమిటని నేను బెంచీ మీద కూర్చుని తిట్టుకున్నాను. తర్వాత ఆ డాక్టరుకు చెప్పాను కూడా. పాపం, నవ్వలేదు, తల దించుకున్నాడు.

ఆ బెంచీల మీదే కుంతలా నానీ కలిసింది. ఒడియాలో అక్కను నానీ అంటారు. బరంపురంలోనే పుట్టి పెరిగిన మనిషి, తెలుగు మనలాగే మాట్లాడుతుంది. ఆవిడకు నిజంగానే కిడ్నీలు పోయాయి. ఎన్నో ఏళ్ల నుంచి వారానికి మూడుసార్లు ఆ గదికి వస్తోంది. ఏ మంచం దగ్గర ఏసీ గాలి మొహాన కొడుతుందో, ఏ సిస్టరుది తేలిక చెయ్యో అన్నీ తెలుసు. నేను లోపలికి వెళ్లే ముందు నా చేతులు పట్టుకుని చూసి, కడుపు నిండా తిని రా, రెండో కాలికి మేజోడు వేసుకో, లోపల చలి చంపేస్తుందని చెప్పింది. అవి డాక్టరు చెప్పాల్సిన మాటలు.

మొదటిసారి సగంలోనే చెడిపోయింది. కుడి చేతికో సూది, ఎడమ చేతికో సూది. ఒకదాంట్లోంచి నెత్తురు పోతుంది, ఇంకోదాంట్లోంచి వస్తుంది. గొట్టాల్లో నా నెత్తురు నాకే కనపడుతుంటే కళ్లు మూసుకున్నాను. కాసేపటికి పెదాలు చీమలు పాకినట్టు జివ్వుమన్నాయి. చెబితే ఏదో మందు ఎక్కించారు, తగ్గింది. తర్వాత ముక్కు దురద. రెండు చేతులూ కదపకూడదు. సిస్టరు అటు తిరిగి ఉంది. పక్క మంచం మీద నానీకి ఒక చెయ్యి ఖాళీ.

"ఏటి, మొకం అలాగెట్టినావు?" అంది.

"ముక్కు నానీ."

ఆవిడ తన దుప్పటి కొస చుట్టి, చెయ్యి చాపి నా ముక్కు గీరింది. ఆ మేలు నేను ఈ జన్మలో మర్చిపోను. తర్వాత గొట్టాల వైపు చూపించి, "నీ నెత్తురు ఇటు రాకుండా సూసుకో, నాకు సుగర్ నేదు" అంది. ఆ గదిలో అందరూ నవ్వారు. అప్పుడే మిషను గీపెట్టింది. నా కుడి చేతి నరం లోపల చిట్లి, మోచెయ్యి బోండాంలా ఉబ్బింది. ఆపేశారు. వాడిన ఫిల్టరు మళ్లీ పనికి రాదట, ఇంకోటి తెప్పించాలట. మళ్లీ ఎదురుచూపు. డబ్బు సంగతి ఇక్కడ రాయను, రాస్తే ఇంకో కోపం.

రోజూ సాయంత్రం జ్వరం చూసుకోవడం, వేళ్లు చూసుకోవడం. మా ఆయన టార్చిలైటు వేసి చూసేవారు. నలుపు నిన్నటి కంటే పాకిందా, లేదా? ఆయన లేదనేవారు, పార్వతక్క పాకిందనేది. ఇద్దరూ నా కాలి మీద వంగి పోట్లాడుకుంటుంటే నేను గోడ మీద బల్లిని చూస్తూ కూర్చునేదాన్ని.

రెండోసారి బాగా జరిగింది. సిస్టరు వేరే చోట వేసింది సూది. పోయిన నెత్తురులోంచి మిషను పసుపు నీరు వేరు చేస్తుంది. చిక్కటి గంజిలా ఉంది. అదే జిగురంతా అన్నాడు డాక్టరు. చూస్తే అసహ్యం వేసింది, ఇంత చెత్త మోసుకుని తిరిగానా అని. మధ్యలో కొన్ని రోజులు ఆగి ఇంకోసారి చేశారు. ఆ రాత్రి పాదంలో సూదులు గుచ్చినట్టు నొప్పి వచ్చింది. నేను ఏడ్చాను, నొప్పికి కాదు. ఎన్నాళ్ల తర్వాతో నా కాలు నాతో మాట్లాడింది. అది మంచికో చెడ్డకో పొద్దున్న డాక్టరును అడిగితే, రెండూ కావచ్చన్నాడు. ఈ మొత్తం రోగంలో నాకు ఎవరూ అవునని గానీ కాదని గానీ ఒక్కసారీ చెప్పలేదు.

ఫాల్గుణంలో, డోల పున్నమికి ముందు, కొద్దిగా జ్వరం తగిలింది. సర్జన్ గారు ఇక ఆగనన్నారు. వేళ్లు ఎండిపోయాయి, తీసేయాల్సిందే. ఎంత దాకా అని మా ఆయన అడిగారు.

"ఇప్పుడు చెప్పలేనండి. చచ్చిన చోట కోస్తే నెత్తురు రాదు. నెత్తురు కనపడిన చోట ఆగుతాను. కనపడకపోతే పైకి వెళ్తాను, చీలమండ దాకా అయినా సరే. అమ్మా, దానికి ఒప్పుకునే లోపలికి రావాలి."

ఒప్పుకున్నాను. పార్వతక్క నా జడ విప్పి మళ్లీ అల్లింది.

వెన్నులో సూది వేశారు. నడుము కింద ఏమీ తెలియడం లేదు, చెవులు మాత్రం బాగానే పని చేస్తున్నాయి. మధ్యలో పచ్చ గుడ్డ తెర కట్టారు. తెర అవతల నా కాలుంది. లోపల అందరూ ఒడియాలోనే మాట్లాడుకుంటున్నారు. నాకు ఒడియా రాదనుకున్నారో, నిద్రపోయాననుకున్నారో. చిటికెన వేలు తీశారు. లేదు అన్నారెవరో. రెండో వేలు. లేదు. ఇంకొంచెం పైకి అన్నారు సర్జన్ గారు. ఏదో గిన్నెలో పడిన చప్పుడు. మళ్లీ లేదు. నేను తెర మీద ఒక కుట్టు కనపడుతుంటే దాన్నే చూస్తున్నాను. ఆ చెత్త మిషను, ఆ బస్సులు, ఆ బెంచీలు, అన్నీ ఆ ఒక్క మాట కోసమే కదా అనుకున్నాను. రాకపోతే ఎవర్ని తిట్టాలో కూడా నాకు తెలియదు.

"రొక్తొ ఆసుచి" అంది సిస్టరు. నెత్తురు వస్తోందని.

దూది అడిగారు. ఇంకా వస్తోందా అని సర్జన్ గారు అడిగారు. ఆగడం లేదంది సిస్టరు. అప్పుడాయన గుడ్డ మీద నుంచి తల వంచి నా వైపు చూశారు.

"అమ్మా, నిద్రపోయారా? రెండు వేళ్లతో ఆగిపోయాను. పాదం ఉంది."

నిద్ర ఎక్కడిదండీ అన్నాను. అన్నాననుకుంటున్నాను. నోరు తిరిగిందో లేదో.

తర్వాత ఎవరి మాట వాళ్లది. కుర్ర డాక్టరు వడకట్టడం వల్లే కావచ్చన్నాడు. సర్జన్ గారు ఆగి చూడడం వల్ల అన్నారు. మందుల వల్ల కూడా కావచ్చట. పార్వతక్క బరంపురం అమ్మవారు బుడీ ఠాకురాణీకి మొక్కుకుందట, అందుకేనంటుంది. మా ఆయన తాను సంతకం పెట్టడం వల్లనని కొట్టుకు వచ్చినవాళ్లకు చెప్తున్నారు. నన్నడిగితే నాకు తెలియదు. నాలాంటి కాలున్న ఇంకొకరికి ఇది పని చేస్తుందో లేదో కూడా నేను చెప్పలేను. అడిగితే ఎవరూ చెప్పరు. అడగడం మాత్రం మానకండి. బల్ల వెనక నుంచి లేవని డాక్టరును లేపండి.

ఇప్పుడు వైశాఖం. పుండు మానింది. మెత్తటి చెప్పులు కుట్టించారు. ఇంతా చేసి, ఇంత గొడవపడి నిలుపుకున్న కాలిని ఇంట్లో ఎవరూ నేల మీద పెట్టనివ్వడం లేదు. మంచినీళ్లు మంచం దగ్గరికి, కంచం మంచం దగ్గరికి. గుమ్మం దాటితే పార్వతక్క వెనకాలే ముక్కాలిపీట పట్టుకుని వస్తుంది. ఇది రాస్తుంటే కూడా రెండుసార్లు వచ్చి చూసి పోయింది.

వీధిలో ఒక చేపల గంప మనిషి అరుస్తోంది. మార్కండి మనిషి కాదు, వేరే ఎవరో. నా కిడ్నీల సంగతి ఈవిడకు ఇంకా తెలిసినట్టు లేదు. కలం పక్కన పెట్టాను. నేను కూర్చున్న ముక్కాలిపీట జరిగిన చప్పుడు విని వంటింట్లోంచి పార్వతక్క కేకేసింది.

"ఏటే, లెగిసినావా?"

"లెగిసినాను."

"ఎవులు లెగమన్నారు?"

"కాలుంది కదా అక్కా" అన్నాను. అప్పటికే గుమ్మం దిగాను.